నాన్నగారి బైబిలు, పాతనగరంలోని బైండింగు దుకాణం

ఇంటి బైబిలు అట్ట ఊడి, వెన్ను చీలి, కీర్తనల గ్రంథం నుంచి యెషయా వరకు కాగితాలు విడిపోయిన కుటుంబం విశాఖపట్నంలో మాది ఒక్కటే అయి ఉండదు. అందుకే పోయిన నెలలో పాతనగరంలోని ఒక బైండింగు దుకాణంలో మాకు జరిగిన పనిని కొంత వివరంగా రాస్తున్నాను. కురుపాం మార్కెట్టు నుంచి పాత పోస్టాఫీసు వైపు వెళ్లే సందుల్లో ఒకదానిలో ఉన్న ఈ దుకాణానికి బోర్డు లేదు. గుమ్మం దగ్గర చేతితో తిప్పే ఇనుప ప్రెస్సు, గోడవారగా పాత రిజిస్టర్ల దొంతరలు కనబడితే అదేనని గుర్తుపట్టాలి.

ఆ బైబిలు మా నాన్నగారు 1968లో, పెళ్లయిన కొత్తలో కొన్నది. ముందున్న తెల్ల కాగితం మీద మా ముగ్గురం పుట్టిన తేదీలు, బాప్తిస్మం పొందిన తేదీలు, తాతగారు ప్రభువునందు నిద్రించిన తేదీ ఆయన చేతిరాతలో ఉన్నాయి. ఆ వరుసలో చివరిదైన 1997 నాటి తేదీని మాత్రం అమ్మ రాసింది, అది నాన్నగారిది. షిప్‌యార్డు నుంచి వచ్చి స్నానం చేశాక ఆయన వరండాలో ఈతచాప పరిచి, బైబిలును మధ్యలో తెరిచి పెట్టేవారు. మేము చుట్టూ కూర్చుని తలా రెండు వచనాలు వంతుగా చదివేవాళ్లం. చదవడం రాని మా తమ్ముడు నాన్నగారు పలికిన మాటనే తిరిగి పలికేవాడు. యెహోషాపాతు అన్న పేరు దగ్గర వాడికి నోరు తిరగక మేమంతా నవ్వితే నాన్నగారు కూడా నవ్వి, వాడి చేత మళ్లీ అనిపించేవారు. తర్వాత ఇరుగుపొరుగు వారి కష్టాలను పేరుపేరునా ఎత్తి ప్రార్థన చేసేవారు, ఆమేన్ అన్నాకే అన్నం. దేవుని మాటలను ఇంట్లో కూర్చున్నప్పుడు, దారిలో నడిచేటప్పుడు, పడుకునేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో మాట్లాడాలని ద్వితీయోపదేశకాండం ఆరో అధ్యాయంలో ఉంది. నాన్నగారికి అది షిఫ్టు వేళలంత మామూలు సంగతి. ఆ రోజుల్లో లేమి లేదని నేను అనను, నెలాఖరుకు అమ్మ పక్కింట్లో బియ్యం చేబదులు తెచ్చేదని మాకందరికీ తెలుసు. అయితే ఉన్నది ఒకే గది, ఒకే దీపం కావడం వల్ల ఒకరికొకరం దూరంగా కూర్చునే వీలే ఉండేది కాదు. నా మనసు ఇప్పటికీ వెతుక్కునేది ఆ దగ్గరతనాన్నే.

2014 అక్టోబరు 12, ఆదివారం, హుద్‌హుద్ తుపాను నాడు కిటికీ రెక్కలు ఊడిపోయి వాన అలమరలోకి కొట్టింది, బైబిలు ముద్దగా తడిసింది. మా వీధికి తొమ్మిది రోజులు కరెంటు లేదు, ఫోన్లు పలకలేదు. అప్పటికి చాన్నాళ్లుగా ఎవరి గదుల్లో వారు ఉండే మా పిల్లలు కొవ్వొత్తి చుట్టూ చేరి, తడి ఆరని ఆ కాగితాలనే మెల్లగా తిప్పుతూ, సముద్రం పొంగి ఘోషించినా భయం లేదని చెప్పే 46వ కీర్తన చదివారు. కరెంటు వచ్చిన రాత్రి మళ్లీ ఎవరి గదికి వారు వెళ్లిపోయారు.

ఆ తర్వాత నగరంలోనే మరొకచోట బాగుచేయించాం. అక్కడ వెన్నుకు పక్కగా రంధ్రాలు పెట్టి అడ్డంగా కుట్టేయడం వల్ల పుస్తకం పూర్తిగా తెరుచుకునేది కాదు, చేయి తీస్తే మూసుకుపోయేది. అంతకన్నా బాధ కలిగించినది మరొకటి ఉంది. అంచులు సమంగా రావాలని కోత యంత్రంలో పెట్టి, నాన్నగారు పక్కన పెన్సిలుతో రాసుకున్న మాటల్లో సగం సగం కోసేశారు. మధ్యలో తెరిచి పెట్టడానికి వీలుకాని ఆ బైబిలు క్రమంగా అలమరకే పరిమితమైంది.

ఈ పాతనగరం సాయిబు గారు పుస్తకాన్ని తీసుకునే ముందు చేతులు కడుక్కున్నారు, నేల మీద పెట్టకుండా బల్ల మీద గుడ్డ పరిచి దాని మీద ఉంచారు. పాత కుట్టు విప్పి, ఏ ఫారానికి (కలిపి మడిచి కుట్టే కాగితాల కట్టకు) ఆ ఫారం విడదీసి, మడత దగ్గర చిరిగినచోటల్లా పలుచని కాగితపు పట్టీ అంటించి, మళ్లీ మడత మధ్య నుంచి నూలు దారంతో కుడతామని ముందే చూపించి చెప్పారు. జిగురు మైదాపిండితో ఉడికించినదే, పురుగు పట్టకుండా అందులో కొంచెం మైలుతుత్తం కలుపుతారు. ఈసారి అంచులు కోయవద్దని నేను రెండుసార్లు చెప్పబోతే, "రాత ఉన్న కాగితం మీద కత్తి పెట్టనమ్మా" అన్నారు. కాగితాల మధ్య దొరికిన ప్రతి వస్తువును, అంటే మట్టల ఆదివారం నాటి ఎండిన ఆకు సిలువను, అమ్మ ప్రార్థన చీటీలను, తమ్ముడి హాల్‌టికెట్టు ముక్కను విడివిడిగా కవర్లలో పెట్టి, ఏ పేజీలో దొరికిందో పైన రాసి, పని ముగిశాక మళ్లీ అక్కడే ఉంచారు. ఒక చీటీలో "పక్కింటి పిల్ల పరీక్ష" అని అమ్మ అక్షరాలు ఉన్నాయి. ఆ పిల్లకు ఇప్పుడు నలభై దాటాయి.

రాస్‌హిల్ చర్చి, దర్గా, వేంకటేశ్వరస్వామి గుడి ఉన్న మూడు కొండలు పక్కపక్కనే కనిపించే ఈ పాతనగరంలో బైబిలు బాగుపడడం నాకు మరో కారణానికి కూడా సంతోషాన్నిచ్చింది. 1805లో లండన్ మిషనరీ సొసైటీ పంపగా విశాఖపట్నం వచ్చిన జార్జ్ క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ సువార్తలను తెలుగు చేయడానికి పూనుకున్నారు, క్రైస్తవంలోకి మారిన ఆనందరాయర్ అనే బ్రాహ్మణుడు వారికి తోడ్పడ్డారు. క్రాన్ 1809లో, డెస్ గ్రాంజెస్ 1810లో చనిపోగా, వారి శ్రమలో మూడు సువార్తలు 1812లో బెంగాలులోని శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. మా వరండాలో వంతుగా చదివిన తెలుగు మాటలకు తొలి అడుగుల్లో ఒకటి మా ఊళ్లోనే పడింది.

లోపాలు కూడా చెప్పాలి. వారం అన్న పని పన్నెండు రోజులు పట్టింది, రసీదు ఇవ్వరు, వెన్ను మీద బంగారు అక్షరాల్లో ఒకటి కొంచెం కిందికి దిగింది. జిగురు వాసన నాలుగు రోజులు పోలేదు. క్యాలికో గుడ్డ వెన్ను, రెగ్జిన్ అట్టతో కలిపి 850 రూపాయలు తీసుకున్నారు, ఆ పనికి అది తక్కువేనని నా అభిప్రాయం. శుక్రవారం మధ్యాహ్నం నమాజు వేళ దుకాణం మూసి ఉంటుంది. విడి కాగితాలను ఇంట్లో టేపుతో అంటించకుండా, ఉన్నవి ఉన్నట్టుగా గుడ్డలో చుట్టి తీసుకువెళ్లడం మంచిది.

తెచ్చిన రాత్రి చాప పరిచి పెడితే, చేయి తీసినా పుస్తకం తెరిచినది తెరిచినట్టే ఉంది. అప్పుడే గమనించాం, తేదీలున్న కాగితం నిండిపోయిందని సాయిబు గారు దాని వెనుక రెండు కొత్త తెల్ల కాగితాలు కలిపి కుట్టారు, డబ్బు మాత్రం అడగలేదు. మొదటి వరుసలో మా మనవరాలు పుట్టిన తేదీని అమ్మ చెబుతుంటే నేను రాశాను.