ఆమోదం ముందా, సవరణలు ముందా: లక్నవరం, రామప్ప, ఓరుగల్లు కోటలో మూడు రోజులు

అమెరికా రాజ్యాంగాన్ని ఆమోదించాలా వద్దా అని 1787, 1788 సంవత్సరాల్లో అక్కడి రాష్ట్రాల్లో సాగిన వాదాన్ని, పాత్రలు పంచుకుని మళ్లీ వాదించి చూడాలని హనుమకొండలోని మా చదువరుల బృందం చాలాకాలంగా అనుకుంటోంది. పౌరశాస్త్రం చెప్పి రిటైరైన ఇద్దరం, ముగ్గురు న్యాయవాదులు, ఆరుగురు డిగ్రీ విద్యార్థులు కలిసి పదకొండు మందిమి ఒక శుక్రవారం పొద్దున వ్యాను మాట్లాడుకుని బయలుదేరాం. అందువల్ల ప్రతి చోటునూ పదిమంది కూర్చుని గంటల తరబడి మాట్లాడుకోవడానికి ఎంత అనువుగా ఉందన్న లెక్కతోనే ఇక్కడ తూచి చెబుతున్నాను.

మొదటి రాత్రి లక్నవరం దగ్గర ఒక ప్రైవేటు బసలో దిగాం. గదులు శుభ్రంగా ఉన్నాయి, చేపల పులుసు రుచిగా ఉంది, వంటవాళ్లు రాత్రి పదింటికి కూడా విసుక్కోకుండా వడ్డించారు. అయితే గదులు తీసుకుంటే హాలు ఉచితమని ఫోనులో చెప్పినవారు, మేము చేరాక దానికి వేరుగా 3,000 రూపాయలు కట్టాలన్నారు. ఆ మాట రసీదులో లేదు కాబట్టి కట్టక తప్పలేదు. వెళ్లేవారు ప్రతిదీ ముందే రాయించుకోవడం మంచిది.

ఆ హాల్లోనే మొదటి వాదం జరిగింది. ఫిలడెల్ఫియాలో 1787 సెప్టెంబరు 17న 39 మంది సంతకాలు చేసిన ముసాయిదాలో పౌరుల హక్కుల ప్రకటన లేదన్నది, ఆ ముసాయిదా రాసిన సభలో వర్జీనియా ప్రతినిధి అయిన జార్జ్ మేసన్ ప్రధాన అభ్యంతరం. ఆయనతో పాటు ఎడ్మండ్ రాండోల్ఫ్, ఎల్‌బ్రిడ్జ్ జెర్రీ కూడా సంతకం చేయలేదు. 13 రాష్ట్రాల్లో 9 రాష్ట్రాల ప్రత్యేక సభలు ఒప్పుకుంటే, ఒప్పుకున్న రాష్ట్రాల మధ్య అది అమలవుతుందని ఏడో అధికరణం చెబుతుంది. డెలావేర్ 30 ఓట్లతో ఏకగ్రీవంగా ఒప్పుకుంది కానీ, మసాచుసెట్స్‌లో అంత సులువు కాలేదు. ముందు ఆమోదించండి, కావలసిన సవరణలను సిఫారసులుగా జతచేద్దాం అన్న ఒప్పందం కుదిరాకే 1788 ఫిబ్రవరి 6న 187–168 తేడాతో అక్కడ ఆమోదం దొరికింది. సిఫారసుకు కట్టుబడేది ఎవరు అని మాలో వ్యతిరేక పక్షం పట్టుకున్న ప్రశ్న ఆ రాత్రి తేలలేదు.

రామప్పలో ఉదయం చేరితే జనం తక్కువగా ఉంటారు. 1213 నాటి ఆ గుడిని మాకు చూపిన గైడు, మదనికల శిల్పాల దగ్గర తొందరపెట్టకుండా ఓపికగా చెప్పాడు. ఇచ్చిన ప్రతి రూపాయికీ తగిన పని అది. గుడి ఆవరణ వాదులాడుకునే చోటు కాదు కనుక చెరువు గట్టు మీద చెట్టు నీడకు వెళ్లాం. నా లెక్కలో ఈ యాత్ర మొత్తానికి అదే ఉత్తమమైన సభాస్థలం. తాగునీళ్లు, తిండి మాత్రం వెంట తీసుకెళ్లాలి.

అక్కడ, ఆమోదంపై వాదించడానికి వర్జీనియా రాష్ట్రం జరిపిన సభను ఆడాం. పత్రం రాష్ట్రాల పేరుతో కాక ప్రజల పేరుతో ఎందుకు మొదలైందని నిలదీసిన వ్యతిరేక పక్ష నాయకుడు పాట్రిక్ హెన్రీగా ఒక విద్యార్థిని నిలబడి, దూరాన ఉన్న ప్రభుత్వం పన్ను వేసి, సైన్యాన్ని నిలిపి, రాష్ట్రాలను మింగేస్తుందన్న భయాన్ని మా అందరికీ నిజంగానే పుట్టించింది. నేను ఆమోదం కోరిన జేమ్స్ మాడిసన్ పక్షాన, అధికారాలు ఎంతవరకో రాసి ఉన్నాయని, రాయనివి రాష్ట్రాలవేనని వాదించాను. సంతకానికి ఒప్పుకోని రాండోల్ఫే ఈ సభలో ఆమోదం వైపు తిరగడం విద్యార్థులకు మింగుడుపడలేదు. అప్పటికే ఎనిమిది రాష్ట్రాలు ఒప్పుకున్నాయి, ముందుగా సవరణలే కావాలని పట్టుబడితే యూనియనే చీలిపోతుంది అన్నది ఆయన కారణం. వర్జీనియా ఓటు 89–79. అప్పటికి నాలుగు రోజుల ముందే న్యూ హాంప్‌షైర్ తొమ్మిదో రాష్ట్రమైన సంగతి, సభ జరుగుతున్న రిచ్‌మండ్‌కు ఇంకా చేరలేదు.

ఆదివారం కోటకు వచ్చాం. కీర్తితోరణాల నడుమ ఎండ తీవ్రంగా ఉంది, నీడ తక్కువ, కాబట్టి సాయంత్రం నాలుగు తరువాతే అక్కడికి వెళ్లాలి. ఖుష్ మహల్ పక్కన కూర్చుని ఓటు వేసుకున్నాం. 1969లో విద్యార్థిగా ప్రత్యేక తెలంగాణ ఉద్యమంలో తిరిగిన మా సహాధ్యాపకుడు ఆ మూడు రోజుల్లో మొదటిసారి అక్కడ గట్టిగా మాట్లాడారు. తెలంగాణ కొంతకాలం విడిగా ఉండి, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండు వంతుల మెజారిటీ ఒప్పుకుంటేనే ఆంధ్రతో కలవాలని రాష్ట్రాల పునర్విభజన సంఘం 1955లో చెప్పిందని, ఆ ఓటు జరగకుండానే తెలంగాణకు రక్షణలు ఇస్తామన్న 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందాన్ని నమ్మి కలిశామని ఆయన గుర్తుచేశారు. మాడిసన్ 1789 జూన్ 8న సవరణలు ప్రవేశపెట్టాడు, 1791 డిసెంబరు 15 నాటికి హక్కుల ప్రకటనగా పది సవరణలు రాజ్యాంగంలో చేరాయి, మాట నిలబడింది కదా అని నేను బదులిచ్చాను.

"నిలబెట్టుకున్నరు, మంచిదే సారూ. కానీ చెయ్యెత్తే రోజున ఆ సంగతి వాళ్లకెట్ల తెలుస్తది? కాయితం మీద లేని మాటకు నేను చెయ్యెత్త" అన్నారు ఆయన.

ఓటు 7–4 తో ఆమోదం వైపే వెళ్లింది. నేను ఆమోదానికే చెయ్యెత్తాను, ఇప్పటికీ అదే సరైనదనుకుంటున్నాను. కానీ ఆయన ప్రశ్నకు రామప్ప గట్టు మీద నేను చెప్పినదేదీ జవాబు కాదు. హెన్రీ పాత్ర ధరించిన అమ్మాయి, వ్యాను ఎక్కేముందు, వచ్చేసారి నార్త్ కరోలినా సభను ఆడదామంది. 1788లో సవరణలు లేకుండా ఒప్పుకోమని ఆగిపోయి, 1789 నవంబరులో చేరిన రాష్ట్రం అది. దానికి మళ్లీ రామప్ప గట్టునే అనుకున్నాం.