కానోపీ: ఒక ఐసీయూ నర్సు రివ్యూ

కానోపీ అనేది లైబ్రరీల ద్వారా ఆన్‌లైన్‌లో సినిమాలు చూపించే సర్వీసు. దీనికి మనం చందా కట్టక్కర్లేదు, మధ్యలో యాడ్స్ రావు. మీ పబ్లిక్ లైబ్రరీ గానీ, మీరు చదివే యూనివర్సిటీ గానీ ఇందులో చేరి ఉంటే చాలు. పబ్లిక్ లైబ్రరీ అయితే కార్డు నంబరుతో లాగిన్ అయిపోవచ్చు. ఫోన్‌కీ టీవీకీ యాప్ ఉంది. అయితే ఉచితమని మెచ్చుకోవడానికి ఈ రివ్యూ రాయడం లేదు. పెద్ద ఓటీటీలు పట్టించుకోని ఇండిపెండెంట్ డాక్యుమెంటరీలు ఇక్కడ బోలెడు ఉన్నాయి. నన్ను ఇక్కడ కట్టిపడేసింది అవే.

అందులోనూ అమెరికన్ డాక్యుమెంటరీ దర్శకుడు ఫ్రెడరిక్ వైజ్‌మన్ సినిమాలు. 1960ల నుంచి ఆయన ఆసుపత్రులు, స్కూళ్లు, కోర్టులు, లైబ్రరీల లోపలికి కెమెరా తీసుకెళ్లి అక్కడ జరిగేది తీస్తూ వచ్చారు. వెనక నుంచి వివరించే గొంతు ఉండదు, ఇంటర్వ్యూలు ఉండవు. ఎవరు ఎవరో మాటల్ని బట్టి మనమే పట్టుకోవాలి. చాలా ఏళ్లపాటు ఇవి మామూలు ప్రేక్షకులకు సులభంగా దొరికేవి కావు. 2018లో కానోపీలోకి వచ్చాక లైబ్రరీ కార్డు ఉన్నవాళ్లు ఇంట్లో కూర్చుని చూడగలుగుతున్నారు.

నేను పనిచేసేది ఐసీయూలో. కాబట్టి 1989లో వచ్చిన 'నియర్ డెత్' నాకు మామూలు సినిమా కాదు. బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ ఆసుపత్రి మెడికల్ ఐసీయూలో తీశారు. బ్లాక్ అండ్ వైట్, నిడివి 358 నిమిషాలు. దాదాపు ఆరు గంటలు. ఇందులో ఎక్కువ భాగం మాటలే. వెంటిలేటర్ తీసేయాలా, ఉంచాలా, ఇంకా ఎంతవరకు ప్రయత్నించాలి అని డాక్టర్లు, నర్సులు, కుటుంబసభ్యులు మాట్లాడుకుంటూనే ఉంటారు. చెప్పిందే మళ్లీ చెబుతారు. ఒక డాక్టరు వెళ్లాక ఇంకొకరు వచ్చి, అదే సంగతి వేరే మాటల్లో చెబుతారు.

ఈ పని తెలియనివాళ్లకు అది సాగదీతలా అనిపించవచ్చు, కత్తిరిస్తే బాగుండేదనీ అనిపించవచ్చు. నాకు మాత్రం ఈ సినిమాలో అన్నిటికన్నా నిజమైన భాగం అదే. 'ఇక కోలుకోవడం కష్టం' అన్న మాట ఇంట్లోవాళ్లకు మొదటిసారి చెవిన పడుతుంది, మనసుకి ఎక్కదు. మధ్యాహ్నం చెప్పిందంతా విని తల ఊపిన కొడుకు, సాయంత్రం వచ్చి 'ఇంటికి ఎప్పుడు తీసుకెళ్లొచ్చు సిస్టర్' అని అడుగుతాడు. మళ్లీ మొదటినుంచి చెప్పాలి, అంతే నిదానంగా చెప్పాలి. మా డ్యూటీలో సగం బరువు అక్కడే ఉంటుంది. ఆ బరువు చూపించాలంటే ఆరు గంటలు పడుతుందని వైజ్‌మన్ నమ్మారు. ఆ నిడివిని ఒక నర్సుగా నేను గట్టిగా సమర్థిస్తాను.

అలాగని సినిమా విమర్శ రాసేవాళ్లు అక్కర్లేదని కాదు. సంభాషణల మధ్య ఖాళీ కారిడార్లు, బయటి వీధులు ఎందుకు వస్తాయో నేను పట్టించుకున్నది ఎడిటింగ్ గురించి ఒక వ్యాసం చదివాకే. నాకు తెలియనిది ఆ రాసినవాళ్లకు తెలుసు, వాళ్లు చూడనిది నాకు కనిపించింది. ఇదే సినిమాని వెంటిలేటర్ మీదున్న తండ్రి పక్కన రాత్రులు కూర్చున్న కూతురు చూస్తే, మా ఇద్దరికీ అందనిది ఇంకేదో చూస్తుంది. ఆమె రాసిన రివ్యూ కూడా నాకు కావాలి.

ఇప్పుడు రివ్యూలు రాస్తున్నది ఎవరు? అమెరికాలో సదరన్ కాలిఫోర్నియా యూనివర్సిటీ (యూఎస్‌సీ) పరిశోధకులు, 2017లో బాగా ఆడిన 100 సినిమాలకు రివ్యూలన్నీ ఒకచోట చేర్చే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో వచ్చిన రివ్యూలు లెక్కగట్టి 2018లో ప్రకటించారు. 77.8 శాతం రివ్యూలు మగవాళ్లు రాసినవి. శ్వేతజాతివాళ్లు కాని ఆడవాళ్లు రాసినవి 4.1 శాతమే. ఇది కోట్ల రూపాయల ప్రచారం ఉన్న పెద్ద సినిమాల సంగతి. చిన్న డాక్యుమెంటరీకి వచ్చేవే గుప్పెడు రివ్యూలు. ఆ గుప్పెడూ ఒకే రకం జీవితం నుంచి వస్తే సినిమాలో సగం ఎవరికీ కనబడకుండానే పోతుంది. నర్సుల గురించిన సినిమాకి నర్సు, కార్మికుల గురించిన సినిమాకి కార్మికుడు రాయాలని నా ఆశ. వాళ్లు మాత్రమే రాయాలని కాదు, వాళ్లు కూడా రాయాలని.

ఇక కానోపీ వాడకం గురించి. సినిమాలు చూడటానికి నెలకి కొన్ని టికెట్లు ఇస్తారు, ఎన్ని అన్నది మీ లైబ్రరీ ఇష్టం. సినిమా మొదలుపెట్టాక గడువు లోపల చూసేయాలి. కాబట్టి 'నియర్ డెత్' లాంటిది రెండు రోజులు వరసగా సెలవు ఉన్నప్పుడే మొదలుపెట్టండి. నైట్ షిఫ్టుల మధ్య పెట్టుకుంటే టెన్షన్ తప్ప ఏమీ మిగలదు. ఏ సినిమాలు కనిపిస్తాయన్నది కూడా లైబ్రరీని బట్టి మారుతుంది.

ఈ టికెట్ల పరిమితి మీద చాలామందికి విసుగు. దాని వెనక కారణం ఉంది. మనకి ఉచితమే గానీ, మనం చూసిన ప్రతిసారీ లైబ్రరీ డబ్బు కట్టే పద్ధతి మీద ఇది పెరిగింది. 2019లో న్యూయార్క్ నగరంలోని మూడు పబ్లిక్ లైబ్రరీ వ్యవస్థలూ ఖర్చు ఎక్కువవుతోందని కానోపీని ఆపేశాయి. ఆ మూడింటిలో ఒకటి, వైజ్‌మన్ 2017లో 'ఎక్స్ లిబ్రిస్' సినిమాగా తీసిన న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ. డబ్బు ఎక్కడినుంచి తేవాలి, దేనికి ఖర్చుపెట్టాలి అన్న మీటింగులు ఆ సినిమాలో మళ్లీ మళ్లీ వస్తాయి. అది చూశాక నాకు టికెట్ల మీద కోపం పోయింది.

కొత్తవాళ్లు వైజ్‌మన్ 1970 నాటి 'హాస్పిటల్'తో మొదలుపెట్టండి, 84 నిమిషాలే. అందులో ఒక సైకియాట్రిస్టు ఒక కుర్రాడికి సాయం ఇప్పించడానికి సంక్షేమ శాఖ ఉద్యోగినితో ఫోన్‌లో ఓపిగ్గా వాదిస్తాడు. చివరికి అవతలివైపు ఫోన్ పెట్టేస్తారు. పేషెంట్ కోసం ఫోన్ పట్టుకుని బతిమాలిన ప్రతివాళ్లకీ ఆ సీన్ గుర్తుండిపోతుంది. మీ లైబ్రరీలో కానోపీ లేకపోతే కౌంటర్ దగ్గర అడగండి. ఎంతమంది అడుగుతున్నారో తెలిస్తేనే వాళ్లు బడ్జెట్‌లో చోటు చూస్తారు.