జస్టిసా, బ్లాక్ ఆల్బమా?

అమెరికన్ హెవీ మెటల్ బ్యాండ్ మెటాలికా పాటలు వినేవాళ్ల మధ్య ఈ పంచాయితీ ఎప్పటికీ తెగదు. 1988 నాటి ‘అండ్ జస్టిస్ ఫర్ ఆల్’ మేలా, 1991లో వచ్చిన బ్లాక్ ఆల్బమ్ మేలా? పాత అభిమానుల్ని కదిపితే, రెండోదాంతో బ్యాండ్ డబ్బుకి అమ్ముడుపోయిందంటారు. ఆ వాదనంతా వేగం, నిడివి చుట్టూనే. నిజమే, జస్టిస్ టైటిల్ పాట దాదాపు పది నిమిషాలుంటుంది. ఒక రిఫ్ (మళ్లీ మళ్లీ వచ్చే గిటార్ ముక్క) చెవికెక్కేలోపే ఇంకోటి వచ్చి పడుతుంది. అంత పొడుగు పాటలతో వేదిక మీద తమకే విసుగు పుట్టిందని తర్వాత బ్యాండ్ వాళ్లే చెప్పుకున్నారు. అందుకే బ్లాక్ ఆల్బమ్‌లోని ‘ఎంటర్ శాండ్‌మన్’ దాదాపు ఒక్క రిఫ్ మీదే నడిచిపోతుంది.

నా లెక్కలో మాత్రం తేల్చేది వేగం కాదు, బేస్ గిటార్, అంటే పాట అడుగున మోగే లోతైన స్వరం. 1986లో స్వీడన్‌లో బస్సు ప్రమాదంలో బేస్ వాయించే క్లిఫ్ బర్టన్ పోయాక జేసన్ న్యూస్టెడ్ వచ్చాడు. జస్టిస్‌లో వాయించింది అతనే. కానీ మిక్సింగ్‌లో (వాద్యాల ధ్వనుల్ని కలిపేటప్పుడు) ఆ బేస్‌ని ఎంత తగ్గించేశారంటే, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకున్నా వెతుక్కోవాల్సిందే. 2018లో పాత రికార్డింగ్‌ని మెరుగుపరిచి రీమాస్టర్ చేసినప్పుడైనా పెంచారా అంటే, లేదు. అడుగున బలం లేక గిటార్లు రంపం కోసినట్టు, డ్రమ్స్ పొడిపొడిగా వినిపిస్తాయి. ఆ ఆల్బమ్‌లోని ‘వన్’ రెండో సగంలో తుపాకీ పేలుళ్లలా వచ్చే డ్రమ్స్‌కి ఆ పొడితనమే అందం, కాదనను. 65 నిమిషాలూ అదే అయితే చెవి అలసిపోతుంది.

బ్లాక్ ఆల్బమ్‌కి నిర్మాతగా బాబ్ రాక్ వచ్చాడు. మోట్లీ క్రూ బ్యాండ్‌తో ‘డాక్టర్ ఫీల్‌గుడ్’ ఆల్బమ్ చేసిన మనిషి. ఎవరి భాగం వాళ్లు విడిగా రికార్డు చేసుకునే అలవాటు మాన్పించి, నలుగుర్నీ కలిసి వాయించమన్నాడు. ‘శాడ్ బట్ ట్రూ’కి గిటార్ల శ్రుతి కిందికి దించారు. ఆ మొదటి దెబ్బ ఛాతీకి తగులుతుంది. బరువంటే అదీ! త్రాష్ అనే అతివేగపు మెటల్ శైలిలో జస్టిస్‌కి ఇది దొరకలేదు.

‘నథింగ్ ఎల్స్ మ్యాటర్స్’తో మెత్తబడ్డారన్న నింద ఒకటుంది. 1984లోనే ‘ఫేడ్ టు బ్లాక్’ పాడినవాళ్లకి నెమ్మది పాట కొత్తా? కొత్తదనం మాటల్లో ఉంది. జస్టిస్‌లో గాయకుడు జేమ్స్ హెట్‌ఫీల్డ్ కోర్టుల మీద, యుద్ధం మీద కోప్పడ్డాడు. ఇక్కడ ‘ద గాడ్ దట్ ఫెయిల్డ్’లో సొంత తల్లి చావు గురించి రాశాడు. మతవిశ్వాసంతో వైద్యం వద్దనుకుని క్యాన్సర్‌తో పోయిందామె.

తర్వాత వచ్చిన ‘లోడ్’, ‘రీలోడ్’ ఆల్బమ్‌ల సంగతంటారా, రెండూ కలిపి ఒక మంచి ఆల్బమ్‌కి సరిపడా పాటలున్నాయి. ఆ తర్వాతి ‘సెయింట్ యాంగర్’లో గిటార్ సోలోల్లేవు, స్నేర్ డ్రమ్ డబ్బా మోగినట్టుంటుంది. ఆసక్తి ఉంటే వినండి.

గిటార్ నేర్చుకుంటున్నవాళ్లు జస్టిస్ దగ్గర మొదలుపెట్టండి, ‘బ్లాకెన్డ్’ ఒక్కటే నెలల తరబడి పని పెడుతుంది. మిగతావాళ్లకి బ్లాక్ ఆల్బమే. కాకపోతే ఫోన్ స్పీకర్‌లో వినకండి. అందులో రెండిటికీ బేస్ ఉండదు.