ఉప్పుగాలిని లెక్కలోకి తీసుకున్న రిసార్టు

సముద్ర తీరాన కట్టిన ఈ విలాసవంతమైన రిసార్టు స్థానిక నిర్మాణ పద్ధతులను అలంకారంగా కాక అవసరంగానే స్వీకరించిందని బస చేసిన మొదటి పూటే అర్థమవుతుంది. కుటీరాలను స్తంభాలపై ఎత్తుగా నిలిపినందువల్ల ఉప్పెన నీరు కిందినుంచి సాగిపోవడానికి దారి ఉంది. ఏటవాలు తాటాకు కప్పు వాననీటిని త్వరగా జార్చివేయడమే కాక, పైకి చేరిన వేడిగాలిని కొప్పు కింది సందుల గుండా బయటకు పంపుతున్నందున పగటిపూట కూడా ఏసీ అవసరం పెద్దగా కలగలేదు.

అన్నిటికన్నా మెచ్చుకోదగినవి గోడలు. ఉప్పుగాలిలోని క్లోరైడ్లు కాంక్రీటులోకి చొరబడి ఇనుప కడ్డీలను తుప్పు పట్టిస్తాయి. ఆ తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమించి కాంక్రీటును పెచ్చులుగా ఊడగొడుతుంది. ఇక్కడ కడ్డీలే లేని రాతిగోడలకు సున్నపు గచ్చు పూశారు. సున్నం తేమను పీల్చుకొని తిరిగి వదిలేస్తుంది కనుక గదిలో బూజు వాసన లేదు. కిటికీ అంచున వేలితో తడిమితే తాపీ ఒరిపిడి గుర్తులు ఇంకా తగులుతాయి.

స్నానాల గది మాత్రం నిరాశపరిచింది. దూరం నుంచి తెప్పించిన పాలరాయి, బకెట్లకొద్దీ నీరు మింగే తొట్టి, మంచినీటికి కటకటలాడే తీరంలో పర్యావరణ హితమని చెప్పుకొనేవారికి తగవు. వాడిన నీటిని రెల్లు మడుల్లో వడగట్టి తోటకు మళ్లించడం కొంత ఊరట. వరండాలోని వెదురు నుంచి అక్కడక్కడా పురుగు తొలిచిన పొడి రాలుతోంది. పురుగు పట్టకుండా వాడే బోరాక్స్ ద్రావణంలో చాలినంతసేపు నానబెట్టలేదేమో. కట్టడాలపై ఆసక్తి ఉన్నవారు నిస్సంకోచంగా వెళ్లవచ్చు, ఏసీ చలి లేనిదే నిద్రపట్టనివారు మరో చోటు చూసుకోవడం మేలు.