పికప్ లేపాలంటే స్పేసరా, పూర్తి కిట్టా?

ఇసుజు వి-క్రాస్, టయోటా హైలక్స్ కొన్నవాళ్లలో చాలామందికి కొన్నాళ్లకే ఒక కోరిక పుడుతుంది: బండిని రెండు ఇంచులు లేపాలి. హన్మకొండలో ఏ టీ కొట్టు దగ్గర ఈ మాట ఎత్తినా నలుగురు నాలుగు సలహాలిస్తారు. ఒకరు స్పేసర్ అనే బిళ్ల చాలంటారు, ఒకరు స్ప్రింగులు, షాకర్లు అన్నీ మార్చే ఆస్ట్రేలియా కిట్ తెప్పించమంటారు, ఇంకొకరు కమాన్‌లో, అంటే వెనక ఉండే పట్టీల స్ప్రింగులో, ఒక పట్టీ ఎక్కువ వేయించమంటారు.

అసలు బండికి కింద తగులుతున్నదేంటో ముందు చూసుకోవాలి. ఈ పికప్‌లకు వెనక రెండు చక్రాలను కలుపుతూ ఒకటే గట్టి యాక్సిల్ ఉంటుంది. దాని మధ్యలో బొడిపెలా కిందికి దిగి ఉండేది, ఇంజిన్ శక్తిని రెండు చక్రాలకు పంచే డిఫరెన్షియల్. ఎంత ఖరీదైన కిట్ వేసినా ఛాసిస్, అంటే బండి చట్రం, లేస్తుంది గానీ, ఆ డిఫరెన్షియల్ ఒక్క మిల్లీమీటరు కూడా లేవదు. దాన్ని లేపేది టైరే. 245/70 ఆర్16 తీసి 265/70 ఆర్16 వేస్తే టైరు వ్యాసం 28 మిల్లీమీటర్లు పెరుగుతుంది, అందులో సగం, అంటే 14 మిల్లీమీటర్లు యాక్సిల్ కింద కలిసొస్తుంది. స్పీడోమీటర్ మాత్రం ఇదివరకటికంటే సుమారు 4 శాతం తక్కువ చూపిస్తుంది. నల్లరేగడిలో ట్రాక్టర్లు తొక్కిన లోతైన గాడుల్లో డిఫరెన్షియల్ ఆనుతోందంటే డబ్బులు ముందు టైర్ల మీద పెట్టాలి. పొలం గట్టు ఎక్కేటప్పుడు బంపర్ గీరుకుంటోంది, దిగేటప్పుడు కడుపు తగులుతోంది అంటే అప్పుడు కిట్ గురించి ఆలోచించవచ్చు. అన్నట్టు, ఏటూరునాగారం అభయారణ్యంలోకి బండి తోలాలంటే ఎంత లేపినా లాభం లేదు, అటవీశాఖ అనుమతి కావాలి.

స్పేసర్ అంటే ముందు స్ట్రట్ (స్ప్రింగ్, షాకర్ కలిసిన భాగం) పైన పెట్టే బిళ్ల. ధరలో పూర్తి కిట్‌కి దరిదాపుల్లో కూడా ఉండదు, పని కూడా తొందరగా అయిపోతుంది. స్ట్రట్, చక్రాన్ని పట్టుకునే కింది ఆర్మ్ మధ్యలో కూర్చుంటుంది కాబట్టి ఇంచు మందం బిళ్ల వేస్తే చక్రం దగ్గర దాదాపు రెండు ఇంచులు లేస్తుంది. చిక్కంతా అక్కడే ఉంది. స్ప్రింగ్ పాతదే, షాకర్ పాతదే. గుంతలో చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు చక్రాన్ని ఆర్మ్‌కి కలిపే బాల్ జాయింట్, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ కంపెనీ అనుకున్న కోణం దాటిపోతాయి. ఊళ్లో తిరుగుతూ చూడటానికి బాగుంటే చాలనుకునేవాళ్లకు ఒక ఇంచు లోపు లేపితే పరవాలేదు. రోజూ మట్టిబాట తొక్కేవాళ్లకు నేనైతే చెప్పను.

పూర్తి కిట్‌లో ముందు స్ప్రింగులు, నాలుగు షాకర్లు, వెనక కమాన్ కట్టలు అన్నీ మారతాయి. ఓల్డ్ మ్యాన్ ఈము, ఐరన్‌మ్యాన్ లాంటి ఆస్ట్రేలియా కంపెనీల కిట్‌లలో ఒకే బండికి తేలిక, మధ్యస్థం, భారీ అని వేర్వేరు స్ప్రింగులు దొరుకుతాయి. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఈ ఎంపికలోనే. ఎత్తు ఎన్ని ఇంచులని అడుగుతారు, బండి మీద ఎప్పుడూ ఎంత బరువు ఉంటుందో చెప్పరు. ట్రే (వెనక సరుకు వేసే భాగం) ఖాళీగా తిరిగే బండికి భారీ కమాన్ వేస్తే స్పీడ్ బ్రేకర్ మీద వెనక భాగం ఎగిరెగిరి పడుతుంది, వాన రోడ్డు మీద వెనక చక్రాలు జారతాయి. ముందు ఇనుప బంపర్, వించ్ (ఇరుక్కున్న బండిని తాడుతో లాగే యంత్రం) బిగించిన బండికి మామూలు స్ప్రింగ్ వేస్తే లేపిన ఎత్తులో కొంత ఆ బరువుకే కుంగిపోతుంది. వారంలో ఎక్కువ రోజులు ట్రేలో ఏముంటుందో రాసుకుని, ఆ బరువుకి తగ్గ స్ప్రింగ్ అడగాలి. రెండు ఇంచుల లోపు ఆగితే మంచిది. అది దాటితే పై ఆర్మ్‌లు కూడా మార్చాల్సి వస్తుంది, ఖర్చు ఇంకో మెట్టు ఎక్కుతుంది.

బొలెరో పికప్ లెక్క వేరు. ఎనుమాముల మార్కెట్‌కి మిర్చి బస్తాలు వేసే బండికి ఎక్స్‌ట్రా పట్టీ వేయించడం మామూలే. వెనక కుంగడం తగ్గుతుంది, నిజమే. కానీ బ్రేకులు, యాక్సిల్, టైర్లు పాతవే కాబట్టి పట్టీ పెరిగిందని లోడ్ పెంచకూడదు. ఎత్తు కోసం యాక్సిల్‌కి, కమాన్‌కి మధ్య దిమ్మ పెట్టించుకునేవాళ్లూ ఉన్నారు. అలా పెడితే బ్రేక్ కొట్టినప్పుడు, గట్టిగా లాగినప్పుడు కమాన్ మెలిపడుతుంది. ముందు యాక్సిల్‌కైతే అస్సలు వద్దు.

బాడీ లిఫ్ట్ గురించి రెండు ముక్కలు చాలు. క్యాబిన్ లేస్తుంది, ఛాసిస్ ఉన్నచోటే ఉంటుంది. పెద్ద టైరుకి చోటు దొరకడం తప్ప మట్టిబాటలో ఒరిగేదేం లేదు.

వాగులు దాటడానికే లేపుతున్నామనేవాళ్లూ ఉంటారు. 2023 జులై వరదల్లో భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగినప్పుడు చూశాం కదా, అలాంటి నీటి ముందు రెండు ఇంచులు ఏ మూలకి? జంపన్న వాగు ఉరుకుతుంటే ఏ బండైనా ఒడ్డునే ఆగాలి.

చట్టం సంగతి కూడా తెలిసే దిగాలి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా అదే మాట చెప్పింది. అదే ఏడాది సవరణతో యజమానికి ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ అని వచ్చింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ వాళ్లు ముందు చూసేది ఇలాంటివే. పసుపు ప్లేటు బండైతే ఫిట్‌నెస్ దగ్గర ఇంకో టెన్షన్.

ఇవన్నీ విన్నాక కూడా లేపుతానంటే, నా ఓటు బరువుకి తగ్గ స్ప్రింగులతో రెండు ఇంచుల లోపు పూర్తి కిట్‌కే. దానికి డబ్బు చాలకపోతే స్పేసర్ జోలికి పోకుండా మంచి టైర్లతో ఆగిపోవడం నయం. బిగించిన రోజే అలైన్‌మెంట్ చేయించాలి, లేకపోతే ములుగు హైవే మీద స్టీరింగ్ నిలకడగా ఉండదు. హెడ్‌లైట్లు కిందికి దించాలి. వెనక బరువుని బట్టి బ్రేక్ పంచే వాల్వ్ ఉన్న బండైతే దాని రాడ్ సరిచేయించాలి, లేకపోతే ట్రే నిండా లోడ్ ఉన్నా ఆ వాల్వ్ ఖాళీ బండి అనుకుని వెనక బ్రేక్ తగ్గిస్తుంది. కమాన్‌ని యాక్సిల్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు మొదటి వెయ్యి కిలోమీటర్ల లోపే మళ్లీ బిగించాలి. ఆటోనగర్‌లో ఎవరికి అప్పజెప్పినా, ఇవన్నీ ముందే చెప్పి ఆ తర్వాతే బేరం మొదలుపెట్టండి.