నాన్న పట్టా పట్టుకుని బెజవాడ, గుంటూరు

మా నాన్న బి.ఏ. పట్టా మీద ఆంధ్రా యూనివర్సిటీ ముద్ర ఉంటుంది. ఆ పట్టా కోసం ఆయన ఒక్కసారి కూడా విశాఖలోని వాల్తేరు వెళ్లలేదు. 1963 నుంచి 66 దాకా గుంటూరు ఏసీ (ఆంధ్ర క్రైస్తవ) కాలేజీలో చదివారు, పరీక్షలు అక్కడే రాశారు, పట్టా పోస్టులో ఇంటికొచ్చింది. ఆయన విశాఖ మొదటిసారి చూసింది 1993లో, నన్ను ఎం.ఏ.లో చేర్పించడానికి వచ్చినప్పుడు. గేటు దగ్గర నిలబడి "ఇదన్నమాట మన యూనివర్సిటీ" అన్నారు. చేరుతున్నది నేను కదా, మధ్యలో ఈ 'మన' ఏమిటా అనుకున్నాను.

2026 ఏప్రిల్ 26కి ఆ యూనివర్సిటీకి నూరేళ్లు. విశాఖలో ఎవర్ని కదిపినా అది మా ఊరిదే అంటారు. పుట్టింది మాత్రం బెజవాడలో. యుద్ధం రోజుల్లో తలదాచుకున్నది గుంటూరులో. సంక్రాంతి సందడి తగ్గాక, ఎనభైకి దగ్గరపడిన నాన్నను తీసుకుని ఆ రెండు ఊళ్లకూ వెళ్లొచ్చాను. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు పనికొస్తుందని లాడ్జీల సంగతి, బస్సుల సంగతి కూడా రాస్తున్నాను.

పొద్దున్నే జన్మభూమి ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. నాన్న రిటైరైన సోషల్ మేష్టారు కాబట్టి తుని దాటకముందే క్లాసు మొదలైంది. 1926లో మద్రాసు శాసనసభ చట్టం చేసి తెలుగు జిల్లాలకు వేరే యూనివర్సిటీ ఇచ్చింది. కట్టమంచి రామలింగారెడ్డి మొదటి వైస్ ఛాన్సలర్. ఆఫీసు బెజవాడలో పెట్టారు. అన్నివైపుల రైళ్లూ కలిసే ఊరు కదా మరి. కానీ ఏ ఊళ్లో ఉండాలన్న పేచీ మాత్రం తెగలేదు. బెజవాడ, రాజమండ్రి, వాల్తేరు, అనంతపురం... ఎవరి ఊరు వాళ్లకు ముద్దు. చివరికి వాల్తేరు ఖాయమై 1930లో యూనివర్సిటీ అక్కడికి వెళ్లింది. అంత దూరం మాకొద్దని రాయలసీమ వాళ్లు మళ్లీ మద్రాసు యూనివర్సిటీ వైపు మొగ్గారు. కోస్తా, రాయలసీమ నాయకులు చేసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడికలో అనంతపురానికి కూడా యూనివర్సిటీ కేంద్రం ఉండాలని రాసుకున్నారంటే, ఆ పాత గాయమే కారణమని నాన్న వాదన.

"రాజధాని కోసం తర్వాత పడ్డ గొడవలకు ఇది రిహార్సలమ్మా" అన్నారు. ఎదురు సీటాయన పేపరు మడిచి వినడం మొదలుపెట్టాడు. ఇక ఏలూరు దాకా ఇద్దరికీ రాజధాని గొడవే సరిపోయింది.

బెజవాడలో స్టేషన్‌కు దగ్గరని ఆన్‌లైన్‌లో ఒక హోటల్ బుక్ చేశాను. పేరు రాయను. లిఫ్ట్ ఉందని ఫోటోలో చూపించారు, నిజంగానే ఉంది. అయితే ఆ లిఫ్ట్ ఎక్కడానికి ముందు పన్నెండు మెట్లెక్కాలి! గీజరు పొద్దున ఆరు నుంచి ఎనిమిది దాకానే. ఇరవై నాలుగు గంటల చెకౌట్ అని ఫోన్‌లో చెప్పినవాళ్లు, తీరా వెళ్లాక మర్నాడు పదింటికే ఖాళీ చెయ్యాలన్నారు. గది 2,100 రూపాయలు. మళ్లీ వెళ్తే స్టేషన్‌లోనే రిటైరింగ్ రూమ్ తీసుకుంటాను. రైలు టికెట్ ఉంటే ఆన్‌లైన్‌లోనే బుక్ చేసుకోవచ్చు, పెద్దవాళ్లతో ఒక్క రాత్రికి అంతకంటే ఏం కావాలి?

మధ్యాహ్నం ఆటో అతనికి "పాత యూనివర్సిటీ ఆఫీసు ఉండేది చూడు, ఆ వైపు పోనీ బాబూ" అని నాన్న చెప్పారు. అతను ఏ మాత్రం తడుముకోకుండా తీసుకెళ్లి ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ గేటు ముందు ఆపాడు. 1986లో పెట్టింది. నాన్న దిగకుండానే నవ్వేశారు. "ఇది నా కంటే నలభై ఏళ్లు చిన్నది నాయనా!" ఆటో అతనూ నవ్వాడు. నూట యాభై రూపాయలు మాత్రం తీసుకున్నాడు, అతని తప్పేముంది?

అక్కణ్నుంచి రామ్మోహన గ్రంథాలయానికి వెళ్లాం. నేను వెళ్దామన్నది ఇక్కడికే. అయ్యంకి వెంకటరమణయ్య గారి పూనికతో 1914 ఏప్రిల్ 10న బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ మహాసభ జరిగింది. తెలుగువాళ్లకు యూనివర్సిటీ రావడానికి పన్నెండేళ్ల ముందే ఊరూరా పుస్తకాల గదులు పెట్టాలని పూనుకున్న ఊరిది. మేం వెళ్లేసరికి ఇద్దరు పెద్దవాళ్లు పేపర్లు తిరగేస్తున్నారు. ఆంధ్రా యూనివర్సిటీ మొదట ఈ ఊళ్లోనే ఉండేదటండీ అంటే, ఒకాయన కళ్లజోడు పైకి నెట్టి "నాగార్జున యూనివర్సిటీయా?" అని అడిగారు. మేం తిరిగిన చోట్ల ఆ నాలుగేళ్లు గుర్తుచేసే బోర్డు ఒక్కటీ మా కళ్లబడలేదు. ఈ ఒక్క సంగతి కోసమైతే బెజవాడకు ఒక పూట ఎక్కువే. ఆ మిగిలిన పూటను మర్నాడు పొద్దున గాంధీనగర్ బాబాయ్ హోటల్‌లో వెన్న వేసిన ఇడ్లీ తిని సద్వినియోగం చేసుకున్నాం. తర్వాత బందరు రోడ్డు మీది బాపు మ్యూజియం కూడా చూశాం. జనవరిలోనే పదకొండింటికి ఎండ చురుక్కుమంది. బ్లేజ్‌వాడ అని వెనకటి వాళ్లు ఊరికే అనలేదు.

బస్టాండ్ నుంచి గుంటూరుకు నాన్‌స్టాప్ ఎక్కాం. ముప్పై అయిదు కిలోమీటర్లు, కునుకు తీసేలోగా దిగిపోతాం. అరండల్‌పేటలో దిగిన లాడ్జి 1,400 రూపాయలు. పాత భవనమే, గోడలకు చెమ్మ, దోమలు దండిగా ఉన్నాయి. కానీ లిఫ్ట్ నేల మీద నుంచే ఉంది, ఎప్పుడు తిప్పినా వేడినీళ్లు వచ్చాయి. కౌంటర్‌లో కుర్రాడు "బాబాయ్‌కి కింద గది ఇస్తానండి" అని మేం అడక్కుండానే మార్చాడు. రెండు ఊళ్లలో ఎక్కడ మకాం పెట్టాలని ఎవరైనా అడిగితే, గుంటూరే అంటాను.

ఏసీ కాలేజీకి ఆ సాయంత్రమే వెళ్లాం. 1885లో లూథరన్ మిషన్ వాళ్లు వాట్స్ మెమోరియల్ కాలేజీగా మొదలుపెట్టారు, తర్వాత ఆంధ్ర క్రైస్తవ కళాశాల అయింది. అంటే యూనివర్సిటీ కంటే కాలేజీయే నలభై ఏళ్లు పెద్దది. మొదట మద్రాసు, తర్వాత ఆంధ్రా, ఇప్పుడు నాగార్జున. పట్టా ఇచ్చేవాళ్లు మారారు, చదువు చెప్పే చోటు మారలేదు. ఎన్టీఆర్ బి.ఏ. కూడా ఇక్కడే.

పాత విద్యార్థినని చెబితే నాన్నను మర్యాదగా లోపలికి రానిచ్చారు. వరండాలో కాసేపు కూర్చున్నారు. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాక యూనివర్సిటీ గుంటూరు వచ్చింది, యుద్ధం ముగిశాక తిరిగి వెళ్లింది. నాన్న పుట్టింది ఆ యుద్ధం ముగిసిన మరుసటేడు. ఆయన ఆ కాలం చూడలేదు కానీ, మన ఊళ్లో కాపురం చేసి వెళ్లిన చుట్టం గురించి చెప్పినట్టే చెబుతారు.

రాత్రి గదిలో ప్లాస్టిక్ కవరు లోంచి పట్టా బయటికి తీశారు. నాలుగు మడతలూ చిరగడానికి సిద్ధంగా ఉన్నాయి. ముద్ర మీద ఉదయిస్తున్న సూర్యుడు, పద్మం, స్వస్తిక, రెండు పాములు, సముద్రం. గీసింది కౌతా రామమోహన శాస్త్రి. సూర్యుడికి అరవై నాలుగు కిరణాలు, అరవై నాలుగు కళలకు గుర్తు. పాములు జ్ఞానాన్ని వెతికేవాళ్లు, కాపాడేవాళ్లు. కింద 'తేజస్వి నావధీతమస్తు'. సహనావవతు శ్లోకంలోది, గురుశిష్యులిద్దరం చదివింది వెలుగొందాలని. రెండేళ్లు ఆ క్యాంపస్‌లో తిరిగి, ఐడీ కార్డు మీద ఆ బొమ్మను మెడలో వేసుకుని, ఏనాడూ కిరణాలు లెక్కపెట్టలేదు నేను. నాన్న చిన్నప్పుడే లెక్కపెట్టారట.

"సరిగ్గా అరవై నాలుగు ఉన్నాయా నాన్నా?"

"నలభై దాకా వచ్చేసరికి హాస్టల్ గంట కొట్టారమ్మా."

యూనివర్సిటీ ఆచారాల్లో నాన్న అన్నిటికంటే గొప్పగా చెప్పేది కళాప్రపూర్ణ. తెలుగు పండితులకు, కవులకు ఇచ్చే గౌరవ పట్టం. 1938లో గిడుగు రామమూర్తి గారికి ఇచ్చారు. 1970లో గుర్రం జాషువా గారికి ఇచ్చినప్పుడు, నాన్న ఉద్యోగంలో చేరి కొన్నాళ్లే అయింది. స్టాఫ్ రూమ్‌లో పేపరు చేతులు మారిందట. గుంటూరులోనే ఉన్న మనిషికి వాల్తేరు నుంచి గౌరవం వచ్చిందన్న సంతోషం ఆయన గొంతులో ఇప్పటికీ వినబడుతుంది. ఆ మరుసటి సంవత్సరమే జాషువా గారు పోయారు.

శుక్రవారం పొద్దున అమరావతి వెళ్లాం. తెలివితక్కువ పని. పురావస్తు శాఖ మ్యూజియానికి శుక్రవారం సెలవు, నేను చూసుకోలేదు. 125 అడుగుల ధ్యానబుద్ధుణ్ని, అమరేశ్వరుణ్ని చూసి వచ్చేశాం. రానూ పోనూ కారుకు 1,800.

మధ్యాహ్నం పల్లెవెలుగులో నాగార్జున యూనివర్సిటీకి బయల్దేరాం. నాన్‌స్టాప్ అయితే అక్కడ ఆగదు. ఆధార్ చూపిస్తే నాకు సున్నా టికెట్ కొట్టారు, నాన్నకు సీనియర్ సిటిజన్ రాయితీ పోను మిగతాది తీసుకున్నారు. ఈ యూనివర్సిటీ ఆంధ్రా యూనివర్సిటీ బిడ్డే. 1967లో గుంటూరు దగ్గర నల్లపాడులో పెట్టిన పీజీ సెంటరు, 1976 సెప్టెంబరు 11న వేరు కాపురం పెట్టింది. అప్పటి రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించారు. 2004లో పేరు ముందు ఆచార్య చేరింది. మా బాబాయి నాన్న కంటే పన్నెండేళ్లు చిన్న, అదే ఏసీ కాలేజీ, అదే బెంచీలు, పట్టా మీద మాత్రం నాగార్జున. "వాడు లోకల్, నేను వాల్తేరు" అని నాన్న ఇప్పటికీ ఉడికిస్తారు.

హైవే పక్కన చెట్లతో క్యాంపస్ చల్లగా ఉంది. గేటు దగ్గర రిజిస్టర్‌లో పేరు రాసి పంపించారు. లోపల చాలా నడవాలి, మోకాళ్లు బాగోలేని వాళ్లు ఆటో మాట్లాడుకుని వెళ్లడం మంచిది. మేం సగం దూరం వెళ్లి చెట్టు కింద కూర్చున్నాం. పక్కన కూర్చున్న అమ్మాయిలు తాతగారు ఎక్కడ చదివారని అడిగారు. నాన్న పట్టా తీసి చూపించారు. వాళ్లు ఫోన్‌లో ఫోటో తీసుకుని, పెద్దది చేసి, కిరణాలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. మా బస్సు వచ్చే వేళకు యాభై దగ్గర తప్పిపోయి మళ్లీ మొదటికొచ్చారు.

శనివారం పొద్దున సింహాద్రి ఎక్కి ఇంటికి బయల్దేరాం. రైలు కదిలాక నాన్న నా ఫోన్ తీసుకుని కేలెండర్ తెరిచారు. అమరావతికి మళ్లీ రావాలట, శుక్రవారం కాకుండా.