ఇంట్లో కుట్టిన పసిపిల్లల బట్టలు: ఏవి మన్నాయి, ఏవి మానేశాను

గుంటూరు ఎండల్లో పసిబిడ్డకు బట్ట వేయకపోతే ఫ్యాను గాలి పొట్టకు తగులుతుందని పెద్దవాళ్ళు ఊరుకోరు; వేస్తే అది చెమటకు తడిసి మెడ మడతల్లోనూ చంకల్లోనూ చెమటకాయలు లేస్తాయి. ఈ రెండింటి మధ్య దారి వెతుక్కుంటూ మా అమ్మాయి కోసం మొదలుపెట్టిన కుట్టుపని, తను బడికి వెళ్ళే వయసుకు వచ్చాక మా చెల్లెలి కొడుకు కోసం మళ్ళీ కొనసాగింది. నా దగ్గర ఉన్నది తిన్నని కుట్టు మాత్రమే వేసే పాత కాలు మిషను. నేను కుట్టినవన్నీ బిడ్డ ఒక నిద్ర తీసి లేచేలోగానో, ఎక్కువలో ఎక్కువ ఒక మధ్యాహ్నంలోనో పూర్తయ్యే చిన్న పనులు. వాటిని ఇద్దరు పిల్లలకూ వాడి, ఉతికి, ఆరేసి చూశాక నాకు స్థిరపడిన అభిప్రాయం ఒకటుంది: ఇంట్లో కుట్టిన బట్ట గొప్పతనం దాన్ని తిరగేసి లోపలివైపు చూసినప్పుడే తెలుస్తుంది. కుట్టు చర్మానికి ఎక్కడ తగులుతోంది, మెడ ఎలా తెరుచుకుంటోంది, తడిసిన గుడ్డ ఎంతసేపటికి ఆరుతోంది అని చూసుకుని కుట్టినవి ఏళ్ళ తరబడి నిలిచాయి. ముచ్చటగా ఉంటాయని కుట్టినవాటిలో చాలావరకు బీరువా అడుగుకు చేరాయి.

అన్నింటిలోకీ ఎక్కువ పనికివచ్చింది జుబ్బా. పుట్టినప్పుడు బిడ్డ తల చుట్టుకొలత ఇంచుమించు 35 సెంటీమీటర్లు ఉంటుంది, ఛాతీ అంతకంటే కొద్దిగా తక్కువే ఉంటుంది. ఏడాది నిండేసరికి తల 46 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. పెద్దవాళ్ళ చొక్కా లెక్కన మెడ తీస్తే అది బిడ్డ తల దాటి దిగదు, దిగేంత వెడల్పుగా తీస్తే భుజం మీంచి జారిపోతుంది. అందుకని ముందువైపు ఒక పక్క మీదికి ఇంకో పక్క వచ్చేలా కత్తిరించి, చంక కిందుగా, పక్కటెముకల దగ్గర బొందులతో ముడివేసే పద్ధతే నాకు నిలిచింది. బిడ్డను లేపకుండా, తల ఎత్తకుండా, పరుపు మీద పరిచిన జుబ్బా మీద పడుకోబెట్టి చేతులు దూర్చి ముడివేయవచ్చు. బొడ్డు ఊడని రోజుల్లో ఇది ఎంత సుఖమో వాడినవాళ్ళకు తెలుస్తుంది. భుజం దగ్గర అతుకు లేకుండా గుడ్డను మడతపెట్టి, చేతులు కూడా అదే ముక్కలో వచ్చేలా కత్తిరిస్తే కుట్టవలసింది రెండు పక్కలే. నలభై నాలుగు అంగుళాల పన్నా ఉన్న మీటరు గుడ్డలో ఇలాంటివి మూడు సులువుగా తెగుతాయి.

ఆ రెండు పక్కల కుట్టు దగ్గరే అసలు విషయం ఉంది. మామూలుగా కుట్టి, అంచు పోగులు రాలకుండా బయట ఓవర్‌లాక్ చేయిస్తే ఆ అంచు బిడ్డ చంకలో గరుకుగా ఒరుసుకుంటుంది. చెమటకాయలు ఉన్నప్పుడైతే ఆ గీత వెంబడే చర్మం ఎర్రబడుతుంది. నేను వాడేది మూతకుట్టు. గుడ్డ తిరగ వైపులు లోపల కలిసేలా పెట్టి పావు అంగుళం లోపే మొదటి కుట్టు వేసి, మిగిలిన అంచును సన్నగా కత్తిరించి, గుడ్డను తిప్పి, ఆ అంచు లోపల ఇమిడిపోయేలా రెండో కుట్టు వేయాలి. తెగిన పోగు ఎక్కడా బయటికి కనిపించదు, ఎన్ని ఉతుకులకూ విడదు. నెలల పిల్లలకైతే ఈ మడత కూడా చర్మానికి తగలకుండా పైవైపుకే వచ్చేలా కుట్టడం నాకు మా అత్తయ్యగారు నేర్పారు. "కుట్టు బయటికి కనిపిస్తే కనిపించనీ అమ్మాయ్, చూసేవాళ్ళ సంగతి తరవాత, తొడుక్కున్న పిల్లకు హాయిగా ఉండాలి" అనేవారు. ఆ తరహాలో కుట్టిన జుబ్బాలు మా అమ్మాయి తరువాత మా చెల్లెలి కొడుక్కి కూడా వచ్చాయి. మెడ పట్టీ ఒక్కటే మార్చవలసి వచ్చింది. ఆ పట్టీ గుడ్డను ఏటవాలుగా, మూలగా కత్తిరించినదై ఉండాలి. నిలువు పట్టీ వేస్తే మెడ వంపు దగ్గర ముడతలు పడి అక్కడే పాలు, చెమట చేరతాయి.

గుడ్డ గురించి చెప్పాలంటే, మొదటి నెలలకు కొత్త గుడ్డకన్నా బాగా ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె మిన్న. కొత్తది కావాలంటే మల్‌మల్, ఆపైన పాప్లిన్. విజయవాడ వన్‌టౌన్‌లోని వస్త్రలతకు వెళ్ళినప్పుడు కట్‌పీసులు తెచ్చుకుంటాను. మన గుంటూరులో పట్నం బజారులోనూ దొరుకుతాయి. రెండు ఊళ్ళకూ నడుమనున్న మంగళగిరి నేత గుడ్డ పిల్లల బట్టలకు ప్రత్యేకంగా పనికివస్తుందని నా అనుభవం. దాని ఒంటి భాగంలో నేసిన పువ్వులు, బుటాలు ఉండవు కనుక తిరగవైపు వేళ్ళకు చిక్కుకునే వదులు దారాలు ఉండవు. అయితే కొత్తగా ఉన్నప్పుడు గంజితో బిరుసుగా ఉంటుంది. రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, రెండు మూడు సార్లు పిండి ఆరేశాకనే కత్తెర పెట్టాలి. జరీ ఉన్న నిజాం అంచును పిల్లల మెడ దగ్గరకూ చేతుల దగ్గరకూ రానీయకుండా కింది అంచుకు మాత్రమే వచ్చేలా చూసుకోవాలి. ఏ నూలు గుడ్డ అయినా తడిపి ఆరేయకుండా కుట్టితే మొదటి ఉతుకులోనే కుదించుకుపోయి మెడ పట్టీ ఒక తీరున, ఒళ్ళు ఒక తీరున తయారవుతుంది. పెడన అద్దకం గుడ్డల రంగులు చూడముచ్చటగానే ఉంటాయి కానీ, పసిపిల్లలు బట్ట అంచును నోట్లో పెట్టుకుని చీకుతారు కాబట్టి నీళ్ళలో రంగు దిగడం పూర్తిగా ఆగేదాకా వాటిని నేను వాడను.

మల్‌మల్ మిషను మీద కుట్టడం మొదట్లో విసుగు పుట్టిస్తుంది. కుట్టు మొదలుపెట్టే చోట పలుచని గుడ్డను సూది తనతో పాటు కిందికి, పలక రంధ్రంలోకి లాక్కుపోతుంది. మామూలుగా వాడే పద్నాలుగో నంబరు సూది తీసి పదకొండో నంబరు వేసి, గుడ్డ కింద పలుచని తెల్ల కాగితం పెట్టి, రెండు దారాల కొసలూ వెనక్కి పట్టుకుని మొదటి నాలుగైదు కుట్లు చక్రాన్ని చేత్తో తిప్పి వేస్తే ఆ బాధ ఉండదు. కాగితం తరువాత చిన్నగా చింపితే వచ్చేస్తుంది.

లంగోటీల విషయంలో నా తీర్పు పాత పద్ధతి వైపే. పాత నూలు చీరను ఇరవై నాలుగు అంగుళాల చదరాలుగా చించి, అంచు మడిచి కుట్టి, మూలకు మడిచి కట్టడం ఒక పద్ధతి. ఆరేడు పొరలు కలిపి మందంగా కుట్టి, నడుము దగ్గర గుండీలు పెట్టడం ఇంకో పద్ధతి. రెండోది వేయడం సులువు, రాత్రిపూట తడి బాగా ఆపుతుంది. కానీ శ్రావణ భాద్రపదాల ముసురులో నడిమి పొరలు ఆరవు, ఆరకపోతే వాసన వస్తుంది, ఆ చెమ్మ గుడ్డ మళ్ళీ వేస్తే బిడ్డకు ఒరుపు వస్తుంది. చదరం లంగోటీ విప్పి ఆరేస్తే ఒకే పొర కనుక ఫ్యాను కిందైనా గబగబా ఆరుతుంది. మందం కావాలనుకున్న రాత్రి, మడిచిన పాత తువ్వాలు ముక్క ఒకటి విడిగా లోపల పెట్టడమే మేలు.

పక్కగుడ్డలకు, బొంతలకు మా అమ్మ చీరలే వాడాను. నాలుగు నూలు చీరల పొరలు పరిచి, నేల మీద కూర్చుని, చుట్టూ అంచు కుట్టి, లోపల వేలెడు ఎడంలో చేత్తో ముందుకుట్టు వేసుకుంటూ పోవాలి. ఇది ఒక్క పూటలో అయ్యే పని కాదు కనుక పిల్లవాడి కొలతకు చిన్నదిగా కుట్టుకుంటేనే ఈ సమీక్షలో చోటు ఇవ్వగలను. ఎన్ని ఏళ్ళయినా చిరగని వస్తువు ఇదొక్కటే, ఉతికినకొద్దీ మెత్తబడుతుంది కూడా. ఆరు పొరలకు మించితే తడిసినప్పుడు పిండలేనంత బరువెక్కుతుంది. ఏడాది లోపు బిడ్డకు దీన్ని కింద బిగువుగా, ముడత లేకుండా పరచాలే తప్ప పైన కప్పకూడదు. నిద్రపోయే చోట వదులు దుప్పట్లు, దిండ్లు, మెత్తని బొమ్మలు ఉంచవద్దని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2022లో సవరించిన సూచనల్లోనూ గట్టిగా చెప్పింది. తల గుండ్రంగా రావాలని మన ఇళ్ళలో కుట్టే ఆవాల దిండును నేను ఈ కారణంగానే సిఫారసు చేయను. మెలకువగా ఉన్నప్పుడు, మనం పక్కనే కూర్చుని, బిడ్డను కాసేపు బోర్లా పడుకోబెడుతూ ఉంటే తల ఒక్క పక్కనే అణగకుండా ఉంటుందని వైద్యులు చెబుతారు. పెద్దల మాట కాదనడం కష్టమే, అయినా ఈ ఒక్క దాంట్లో మెత్తబడకూడదు.

చొల్లు గుడ్డలు పళ్ళు వచ్చే నెలల్లో ఎన్ని ఉన్నా చాలవు. పైన పాప్లిన్, కింద పాత టర్కీ తువ్వాలు పెట్టి, తిరగవైపు కుట్టి, మూడు వేళ్ళు పట్టే సందు వదిలి తిప్పి, ఆ సందు మూసేస్తే ఒకటి పూర్తవుతుంది. తేడా అంతా మెడ వెనక ఎలా పట్టి ఉంచుతామన్న దగ్గరే వస్తుంది. వెల్క్రో మొదట బాగుంటుంది. కొన్నాళ్ళకు దానిలో నూలు పోగులు, జుట్టు చేరి పట్టు పోతుంది, బకెట్లో మిగతా బట్టలను పట్టుకుని గీరుతుంది, దాని గరుకు అంచు మెడకు తగులుతుంది. బొందులు మెడ దగ్గర నాకు ఇష్టం లేదు. అమెరికా వినియోగదారుల భద్రతా సంఘం 1996లోనే పిల్లల పైదుస్తులకు మెడ దగ్గరా తలకప్పు దగ్గరా లాగుడు తాళ్ళు ఉండకూడదని సూచనలు ఇచ్చింది. ఆటల్లో ఆ తాళ్ళు తట్టుకుని మెడ బిగిసిన ప్రమాదాలే అందుకు కారణం. నేను భుజం మీదికి వచ్చే టిచ్ బటన్ వాడతాను. గట్టిగా లాగితే అదంతట అదే విడిపోతుంది. బటన్ కింద రెండు పొరల గుడ్డ ముక్క అదనంగా పెట్టి కుట్టకపోతే మాత్రం లాగినప్పుడు బటన్ గుడ్డతో సహా ఊడి వస్తుంది, అది పిల్లవాడి నోట్లోకి పోతుంది.

ఎలాస్టిక్ లాగులు పాకే వయసు నుంచి రోజూ పనికివచ్చాయి. మా వారి పాత నూలు చొక్కాల వీపు భాగంలో ఒక లాగు తెగుతుంది. వెనక భాగం ముందు భాగం కన్నా అంగుళంన్నర ఎత్తుగా కత్తిరిస్తే, లోపల లంగోటీ ఉన్నా, వంగినా నడుము కనబడదు. ఎలాస్టిక్‌ను గుడ్డకు నేరుగా కుట్టేయకుండా గొట్టంలా మడిచిన నేఫాలో దూర్చి, నేఫాకు వెనకవైపు చిన్న సందు వదిలితే, రబ్బరు చచ్చినప్పుడు పిన్నీసుతో పాతది లాగి కొత్తది ఎక్కించవచ్చు. మన ఎండలో ఆరేసిన రబ్బరు ఎక్కువ కాలం బతకదు కాబట్టి ఈ సందు తప్పనిసరి. ఎలాస్టిక్ పొడవు నడుము కొలతకన్నా అంగుళం తక్కువ ఉంటే చాలు; అంతకన్నా బిగిస్తే పొట్ట మీద ఎర్రటి గీత పడుతుంది.

ఆడపిల్లలకు పరికిణీ కుట్టడం నాకు అన్నింటికన్నా ఇష్టమైన పని. రెండేళ్ళు దాటిన పిల్లలు ఏడాదికి సుమారు ఆరు సెంటీమీటర్లు, అంటే రెండున్నర అంగుళాల లోపు పెరుగుతారు. కింది అంచుకు పైన అర అంగుళం లోతుతో ఒక మడత కుట్టితే దానిలో ఒక అంగుళం గుడ్డ దాగుతుంది. మూడు మడతలు పెట్టి కుట్టిన పరికిణీని సంక్రాంతికి ఒకటి, ఉగాదికి ఒకటి విప్పుకుంటూ పొడవు చేసుకోవచ్చు. మడతలకు మిషను కుట్టు పొడవుగా పెట్టుకోవాలి, లేకపోతే విప్పేటప్పుడు గుడ్డకు చిల్లులు పడతాయి. విప్పిన చోట రంగు తేడాతో గీత కనబడుతుంది. ముదురు రంగు పాప్లిన్‌లో మరీ ఎక్కువగా. మంగళగిరి గళ్ళ గుడ్డలో ఆ గీత గళ్ళలో కలిసిపోతుంది, సాదా గుడ్డ అయితే దాని మీద సన్నని లేసు కుట్టేస్తాను. నడుముకు పట్టీ బదులు భుజాల మీంచి వచ్చే బాడీ కలిపి కుట్టితే, ఆడుతూ తిరిగే పిల్ల పరికిణీ పైకి లాక్కోవలసిన పని ఉండదు.

చేతులకు తొడిగే సంచుల్లాంటి తొడుగులు కుట్టడం మానేశాను. లోపల ఒక్క దారం వదులుగా ఉన్నా అది వేలికి చుట్టుకుని బిగుస్తుంది. గోళ్ళు జాగ్రత్తగా కత్తిరించడమే సులువు. గుడ్డ బొమ్మలు బాగుంటాయి కానీ కళ్ళకు గుండీలు పెట్టకుండా దారంతో కుట్టాలి. మూడేళ్ళ లోపు పిల్లల ఆటవస్తువుల్లో ఊడివచ్చే చిన్న ముక్కలను పరీక్షించే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు, అందులో ఇమిడేది ఏదైనా గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉన్నదే. చిత్తుగుడ్డ ముక్కలు కూరిన బొమ్మ ఉతికితే లోపల ఆరదు కనుక, కూరిన పదార్థాన్ని ఒక చిన్న సంచిలో ఉంచి బొమ్మ వీపున సందు పెట్టుకోవాలి.

బనియన్ గుడ్డతో కుట్టవలసినవి మాత్రం కొనుక్కోవడమే మంచిది. తిన్నని కుట్టు సాగదు, గుడ్డ సాగుతుంది. తల దూర్చిన మొదటిసారే దారం పుటుక్కున తెగుతుంది. సాగే కుట్టు వేసే మిషను ఇంట్లో ఉన్నవాళ్ళకు ఇది వర్తించదు.